ఒమేగా-3 మాత్రలు ఆటిజం లక్షణాలను తగ్గిస్తాయా?

బిడ్డకు ఆటిజం ఉందని తెలిసిన రోజు నుంచి తల్లిదండ్రులకు సలహాలు వస్తూనే ఉంటాయి. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ లాంటివి ఏళ్ల తరబడి సాగేవి, ఫలితం ఎంత వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేనివి. వాటి పక్కన 'రోజూ ఒమేగా-3 వేసి చూడండి, మెదడుకు మంచిదట, వేస్తే పోయేదేముంది' అనే మాట చాలా తేలిగ్గా వినిపిస్తుంది. అందుకే ఆటిజం ఉన్న పిల్లలకు ఇళ్లలో ఎక్కువగా ఇచ్చే సప్లిమెంట్లలో ఇది ఒకటైంది. ఇస్తున్నవాళ్లలో చాలామంది తేడా కనిపించిందనే చెబుతారు.

ఈ ప్రశ్న మీద పరీక్షలు లేకపోలేదు. 2007 నుంచి చూసినా, పిల్లలను రెండు గుంపులు చేసి ఒకరికి అసలు మాత్ర, మరొకరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చిన అధ్యయనాలు పదికి దగ్గరగా ఉన్నాయి. వాటిని వరసపెట్టి చదివితే వచ్చే జవాబు ఇది: మాట, చూపు, నలుగురితో కలవడం, చేసిందే చేయడం వంటి ఆటిజం అసలు లక్షణాల మీద ఒమేగా-3 పనిచేస్తుందని చూపించే గట్టి ఆధారం లేదు. నిలకడ లేకపోవడం, చిరాకు వంటి పక్క లక్షణాల్లో కొద్దిపాటి తగ్గుదల ఉండొచ్చు, అదీ కొందరిలో, అదీ ఖాయంగా కాదు. ఈ జవాబు ఎలా వచ్చిందో తెలిస్తే, రేపు ఇంకో సప్లిమెంటు పేరు వినిపించినప్పుడు కూడా ఏం అడగాలో తల్లిదండ్రులకు తెలుస్తుంది.

ముందు అసలు ఆలోచన ఎక్కడ పుట్టిందో చూద్దాం, ఎందుకంటే అది తెలివితక్కువ ఆలోచన కాదు. ఆహారంలో అస్సలు కొవ్వు లేకుండా పెంచిన ఎలుకలు ఎదగవని, చర్మం పొలుసులు కడుతుందని 1929లో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు చూపించారు. శరీరం తనంతట తాను తయారు చేసుకోలేని కొవ్వు ఆమ్లాలు కొన్ని ఉన్నాయని, అవి తిండి ద్వారానే రావాలని అప్పుడే తెలిసింది. వాటిలో ఒక కుటుంబం ఒమేగా-6, మరొకటి ఒమేగా-3. ఒమేగా-3లో మూడు పేర్లు గుర్తుంచుకుంటే చాలు. అవిసె గింజలు, అక్రోట్లలో దొరికేది ఏఎల్ఏ. చేపల్లో, కొన్ని నాచు మొక్కల్లో నేరుగా దొరికేవి ఈపీఏ, డీహెచ్ఏ.

మెదడులోంచి నీరంతా తీసేస్తే మిగిలే బరువులో సగానికి పైగా కొవ్వే. అందులో ఒమేగా-3 వాటాలో దాదాపు అంతా డీహెచ్ఏ. గర్భంలో చివరి మూడు నెలల్లో, పుట్టాక మొదటి రెండేళ్లలో అది మెదడులో వేగంగా పేరుకుంటుంది. నరాల కణాల పైపొర ఎంత మెత్తగా, కదలికకు అనువుగా ఉండాలో దీని మీద కొంత ఆధారపడుతుంది. ఈపీఏ నుంచి తయారయ్యే పదార్థాలు వాపును అదుపులో పెడతాయి. ఏఎల్ఏ తింటే శరీరం దాన్ని ఈపీఏగా, డీహెచ్ఏగా మార్చుకోగలదు కానీ ఆ మార్పిడి చాలా తక్కువ, డీహెచ్ఏ దాకా చేరేది మరీ స్వల్పం. అందుకే అవిసె నూనె, చేప నూనె రెండూ ఒమేగా-3యే అయినా ఒకటి కావు. ప్యాకెట్ మీద 'ఒమేగా-3' అని పెద్ద అక్షరాల్లో ఉన్నా లోపల ఏ రకం ఉందో చూడకపోతే అసలు విషయం తెలియదు.

ఇక ఆటిజంతో ముడి ఎలా పడింది? 2001లో ఫ్రాన్స్ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఆటిజం ఉన్న పిల్లల రక్తంలో డీహెచ్ఏ, మేధో వైకల్యం ఉన్న ఇతర పిల్లలతో పోలిస్తే 23 శాతం తక్కువగా కనిపించింది. ఆ తర్వాత ఇంకొన్ని అధ్యయనాలు ఇలాంటి లోటునే చూపాయి. మెదడుకు కావలసిన పదార్థం, ఈ పిల్లల్లో అది తక్కువ. కాబట్టి ఇస్తే మెరుగవుతారు. వినడానికి లెక్క సరిపోయినట్టే ఉంటుంది.

కానీ ఈ లెక్కలో ఒక మెట్టు ఎగిరిపోయింది. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి తిండి దగ్గర పెద్ద పేచీ ఉంటుంది. ఒకే రంగువి, ఒకే కరకర ఉన్నవి, ఒకే కంచంలో పెట్టినవి తప్ప ముట్టరు. కొత్త వాసన వస్తే ముద్ద మింగరు. చేప లాంటి ఘాటైన వాసన ఉన్న పదార్థం వాళ్ల జాబితాలోకి రావడమే కష్టం. అలాంటప్పుడు రక్తంలో డీహెచ్ఏ తక్కువ ఉండటం ఆటిజానికి కారణం కానక్కరలేదు, ఆటిజం వల్ల వచ్చిన తిండి అలవాటు ఫలితమే కావచ్చు. ఇది ఊహ మాత్రమే కాదని పక్కనున్న ఇంకో రంగంలో తేలింది. ఆటిజం పిల్లల పేగుల్లోని సూక్ష్మజీవులు వేరుగా ఉన్నాయని, వాటిని సరిచేస్తే ఆటిజం తగ్గుతుందని కొన్నేళ్లు గట్టిగా ప్రచారం జరిగింది. 2021లో ఆస్ట్రేలియా పరిశోధకులు 247 మంది పిల్లలను పరిశీలించి, బాణం గుర్తు ఎక్కువగా అటు నుంచి ఇటు ఉందని చూపించారు: ఆటిజం వల్ల తిండి కుదించుకుపోతోంది, తిండి కుదించుకుపోవడం వల్ల సూక్ష్మజీవుల వైవిధ్యం తగ్గుతోంది. కొవ్వు ఆమ్లాల విషయంలోనూ ఇదే ప్రశ్న వేసుకోవాలి. శరీరం కొవ్వు ఆమ్లాలను మార్చుకునే జన్యువుల్లో కొందరికి తేడాలుంటాయి కాబట్టి లోటుకు తిండి ఒక్కటే కారణమని కూడా తేల్చేయలేం. కానీ 'తక్కువ ఉంది' అనే మాటకు, 'ఇస్తే తగ్గుతుంది' అనే మాటకు మధ్య దూరం చాలా ఉంది. ఆ దూరాన్ని దాటాలంటే ఇచ్చి చూడటం ఒక్కటే దారి.

ఇచ్చి చూసిన మొదటి పరీక్షల్లో ఒకటి 2007లో వియన్నాలో జరిగింది. విపరీతమైన పేచీలు, కొట్టడం, తమను తాము గాయపరచుకోవడం ఉన్న 13 మంది పిల్లలకు ఆరు వారాల పాటు, అసలు మాత్ర వచ్చినవాళ్లకు రోజుకు సుమారు 1.5 గ్రాముల ఒమేగా-3 అందేలా పరీక్ష సాగింది. హైపర్ యాక్టివిటీలోనూ (నిలకడ లేని అతి చురుకు), చేసిందే చేసే ప్రవర్తనలోనూ మాత్ర గుంపు కాస్త ముందు కనిపించింది. కానీ 13 మంది అంటే ఒక్కో గుంపులో ఆరేడుగురు. ఇద్దరు పిల్లలకు ఆ వారాల్లో నిద్ర బాగా పట్టినా సగటు మారిపోతుంది. గణాంకాల ప్రకారం అది నిలబడే తేడా కాదు. ఆ పరిశోధకులు తమది తొలి ప్రయత్నమనే చెప్పారు. ఆ జాగ్రత్త మాత్రం ప్రచారంలో కనిపించదు, 'ఒమేగా-3తో హైపర్ యాక్టివిటీ తగ్గింది' అన్నదే మిగిలింది.

2011లో, వైద్య పరీక్షలను సమీక్షించే కాక్రేన్ సంస్థ అప్పటిదాకా ఉన్న ఆధారాలన్నిటినీ వడపోసింది. దాని ప్రమాణాలకు నిలిచినవి రెండే పరీక్షలు. రెండింట్లో కలిపి 37 మంది పిల్లలు. అసలు లక్షణాల మీద గానీ పక్క లక్షణాల మీద గానీ పనిచేస్తుందనడానికి నాణ్యమైన ఆధారం లేదని అది తేల్చింది. ప్రపంచమంతా కొంటున్న ఒక సప్లిమెంటు వెనుక 37 మంది పిల్లల ఆధారం, అది కూడా అవునని చెప్పని ఆధారం. ఇది బాధ పెట్టే విషయం. పిల్లల మీద అమ్మకం ముందు వచ్చింది, పరీక్ష తర్వాత వచ్చింది.

అదే ఏడాది స్టీఫెన్ బెంట్ బృందం అమెరికాలో 3 నుంచి 8 ఏళ్ల పిల్లలు 27 మందితో 12 వారాల పరీక్ష ఫలితాన్ని ప్రచురించింది. హైపర్ యాక్టివిటీ స్కోరు ఒమేగా-3 గుంపులో సగటున 2.7 పాయింట్లు తగ్గింది, ఉత్తుత్తి మాత్ర గుంపులో 0.3. తేడా ఉన్నట్టే ఉంది కానీ పిల్లలు తక్కువ కాబట్టి అది కాకతాళీయం కాదని చెప్పలేకపోయారు. 2014లో అదే బృందం ఇంకో పద్ధతి పట్టింది. ఇంటర్నెట్ ద్వారా 28 రాష్ట్రాల నుంచి 57 మంది పిల్లలను చేర్చుకుని ఆరు వారాలు చూసింది. ఈసారి ఒమేగా-3 గుంపులో 5.3 పాయింట్లు తగ్గితే, ఉత్తుత్తి మాత్ర గుంపులో కూడా 3.4 తగ్గింది. మళ్లీ తేడా తేలలేదు. ఈ రెండో అంకె దగ్గర కాసేపు ఆగాలి. ఏమీ లేని మాత్ర తీసుకున్న పిల్లల్లోనూ ఆరు వారాల్లో మూడు పాయింట్లకు పైగా మెరుగుదల కనిపించింది. ఆ తల్లిదండ్రుల్లో ఎవరైనా 'మా వాడికి ఒమేగా-3తో తగ్గింది' అని పక్కవాళ్లకు చెప్పి ఉంటే, అబద్ధం చెప్పినట్టు కాదు. వాళ్లు చూసింది నిజమే. దానికి కారణమని వాళ్లు అనుకున్నదే నిజం కాదు.

2014లోనే వచ్చిన మరో పరీక్ష ఈ విషయంలో అన్నిటికంటే ఎక్కువ నేర్పుతుంది. 3 నుంచి 10 ఏళ్ల పిల్లలు 48 మందితో మొదలుపెట్టి, ఒక గుంపుకు ఆరు నెలల పాటు రోజుకు 200 మిల్లీగ్రాముల డీహెచ్ఏ ఇచ్చారు. రక్త పరీక్షలు చేస్తే డీహెచ్ఏ స్థాయి 431 శాతం పెరిగింది. అంటే పిల్లలు మాత్ర మింగారు, అది ఒంటికి పట్టింది, రక్తంలో 'లోటు' అనదగినదేమైనా ఉంటే అది తీరింది. కానీ అసలు లక్షణాల్లో మార్పు లేదు. లోటు సిద్ధాంతానికి ఇంతకంటే సూటి పరీక్ష ఉండదు. మోతాదు చిన్నదని ఒక అభ్యంతరం ఉంది, అది సబబే. మోతాదు పెంచి 1.5 గ్రాముల దాకా తీసుకెళ్లిన పరీక్ష కెనడాలో జరిగింది. 2 నుంచి 5 ఏళ్ల పిల్లలు 38 మంది, ఆరు నెలలు. ఆటిజం లక్షణాల్లో మెరుగుదల లేదు సరికదా, పేచీలు, దూకుడు వంటి ప్రవర్తన కొలతలో ఒమేగా-3 గుంపే వెనకబడింది. ఈ ఫలితం 2015లో వచ్చింది. అంతమాత్రాన ఒమేగా-3 దూకుడు పెంచుతుందని అనడం తొందరపాటు. చిన్న పరీక్షలో మంచి అంకె కాకతాళీయంగా వచ్చినట్టే చెడ్డ అంకె కూడా రావచ్చు. మంచి అంకెను పట్టుకుని ప్రచారం చేసేవాళ్లు ఈ అంకెను కూడా చెప్పాలి కదా, అంతవరకే.

పైన చెప్పిన 200 మిల్లీగ్రాముల డీహెచ్ఏ పరీక్షలో ఇంకో చిన్న వివరం ఉంది. తల్లిదండ్రులు నింపిన ప్రశ్నావళిలో నలుగురితో మెలిగే నేర్పు ఉత్తుత్తి మాత్ర గుంపుకే ఎక్కువ వచ్చింది. టీచర్లు నింపిన దాంట్లో మాట ద్వారా పని జరిపించుకునే నేర్పు డీహెచ్ఏ గుంపుకు ఎక్కువ వచ్చింది. ఒకే పిల్లలు, ఒకే మాత్రలు, ఒకే ఆరు నెలలు; రెండు వైపులా రెండు ఫలితాలు. ఇలా ఎందుకు జరుగుతుందంటే, ఈ పరీక్షల్లో ఒకేసారి చాలా కొలతలు తీసుకుంటారు. ఎక్కువగా వాడే ప్రవర్తన ప్రశ్నావళిలో 58 ప్రశ్నలుంటాయి, అవి చిరాకు, మందకొడితనం, చేసిందే చేయడం, హైపర్ యాక్టివిటీ, పొంతనలేని మాటలు అని ఐదు భాగాలుగా విడిపోతాయి. దానికి ఇంకో రెండు మూడు ప్రశ్నావళులు తోడైతే, తల్లిదండ్రులది ఒకటి, టీచర్లది ఒకటి అంటే, పోలికలు ఇరవై దాటిపోతాయి. ఇరవై పోలికల్లో ఒకటి అరా ఊరికే 'గణనీయం'గా తేలడం మామూలే. అందుకే ఏ వార్తలోనైనా 'ఆటిజం లక్షణాలు తగ్గాయి' అని కనిపిస్తే, ఎన్ని కొలతల్లో ఎన్ని తగ్గాయి, పరీక్షకు ముందే ముఖ్యమని ప్రకటించిన కొలత ఏమైంది అని అడగాలి.

ఉత్తుత్తి మాత్రకే మెరుగుదల ఎందుకు వస్తుంది? ఆటిజం పరిశోధనలో ఇది కొత్త సమస్య కాదు. 1998లో సెక్రెటిన్ అనే జీర్ణ హార్మోను ఇంజెక్షన్ తర్వాత ముగ్గురు పిల్లల్లో ఆటిజం లక్షణాలు తగ్గాయని ఒక చిన్న నివేదిక వచ్చింది. వేలమంది తల్లిదండ్రులు దాని కోసం పరుగులు తీశారు. 1999లో 60 మంది పిల్లలతో సరైన పరీక్ష చేస్తే, సెక్రెటిన్‌కు, ఉప్పునీటి ఇంజెక్షన్‌కు తేడా లేదని తేలింది. ఆ ఫలితం చెప్పిన తర్వాత కూడా పరీక్షలో పాల్గొన్న తల్లిదండ్రుల్లో 69 శాతం మంది సెక్రెటిన్ మీద ఆసక్తి ఉందనే చెప్పారు. దాన్ని మూర్ఖత్వం అనుకోకూడదు. వాళ్ల ముందు ఇంకో దారి పెద్దగా లేదు. 2009లో సిటాలోప్రామ్ అనే మందు మీద 149 మంది పిల్లలతో జరిగిన పరీక్షలో మందు గుంపులో సుమారు 33 శాతం, ఉత్తుత్తి మాత్ర గుంపులో సుమారు 34 శాతం మెరుగైనట్టు నమోదైంది.

దీని వెనుక మాయ ఏమీ లేదు. పిల్లవాడి ప్రవర్తన మరీ కష్టంగా ఉన్న రోజుల్లోనే తల్లిదండ్రులు కొత్తదేదైనా మొదలుపెడతారు. ఆటిజంలో మంచి వారాలు, చెడ్డ వారాలు వస్తూ పోతూ ఉంటాయి కాబట్టి, మరీ చెడ్డ వారం తర్వాత సాధారణంగా కాస్త మంచి వారమే వస్తుంది. పైగా పిల్లలు ఎదుగుతుంటారు. ఆరు నెలల్లో ఏ పిల్లవాడైనా కొత్త మాటలు నేర్చుకుంటాడు, థెరపీ కూడా సాగుతూనే ఉంటుంది. మాత్ర మొదలుపెట్టాక తల్లి కళ్లు మార్పు కోసం వెతుకుతాయి, అంతకుముందు గమనించని చిన్న విషయం కూడా కనిపిస్తుంది. ఆశతో ఉన్న తల్లి కాస్త ఓపికగా ఉంటుంది, ఆ ఓపికకు బిడ్డ స్పందిస్తాడు. ఇవన్నీ నిజమైన మార్పులే, మాత్రకు సంబంధం లేనివి. మాత్రకు సంబంధించినవి వీటిలోంచి వేరు చేయడానికే రెండో గుంపు కావాలి.

నిజంగా బలమైన ప్రభావం ఉన్న మందు ఎలా కనిపిస్తుందో పోల్చి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. 2002లో రిస్పెరిడోన్ అనే మందు మీద 101 మంది పిల్లలతో ఎనిమిది వారాల పరీక్ష జరిగింది. తీవ్రమైన చిరాకు, దూకుడు ఉన్న పిల్లల్లో మందు గుంపులో 69 శాతం, ఉత్తుత్తి మాత్ర గుంపులో 12 శాతం మెరుగయ్యారు. ఈ తేడాకు భూతద్దం అక్కరలేదు. దానికి మూల్యం కూడా ఉంది: మందు గుంపు పిల్లలు ఎనిమిది వారాల్లో సగటున 2.7 కిలోల బరువు పెరిగారు. ఆ మందు కూడా అసలు లక్షణాలకు కాదు, చిరాకుకే. ఇలాంటి దుష్ఫలితాలు చూసి భయపడిన తల్లిదండ్రులు 'సహజమైన' ఒమేగా-3 వైపు తిరగడం అర్థం చేసుకోదగినదే. కానీ అది దీనికి ప్రత్యామ్నాయం అని ఏ పరీక్షా చెప్పలేదు. బిడ్డ తనను తాను గాయపరచుకుంటున్న స్థితిలో డాక్టరు రాసిన మందు ఆపేసి నూనె మాత్రతో సరిపెట్టడం ప్రమాదం.

ఇప్పుడు ఒమేగా-3 పక్షాన ఉన్న ఆధారాలు కూడా నిజాయితీగా చూడాలి. 2017లో ఆరు పరీక్షలను, 194 మంది పిల్లలను కలిపి లెక్కించిన ఒక విశ్లేషణ హైపర్ యాక్టివిటీ, మందకొడితనం, చేసిందే చేయడంలో చిన్న మెరుగుదల చూపింది. అదే ఏడాది ఐదు పరీక్షలను, 183 మందిని లెక్కించిన మరో విశ్లేషణకు చాలా కొలతల్లో తేడా కనిపించలేదు. ఇంచుమించు అవే పరీక్షలు, భిన్నమైన ముగింపులు. ఏ పరీక్షను కలపాలి, ఏ కొలతను తీసుకోవాలి అనే నిర్ణయంతోనే ఫలితం అటూ ఇటూ మారుతోందంటే, ప్రభావం ఉన్నా అది ఎంత సన్ననిదో తెలుస్తుంది.

న్యూజీలాండ్‌లో జరిగిన ఒక పరీక్ష వీటన్నిటికంటే పొడవైనది. 117 మంది పిల్లలను నాలుగు గుంపులు చేసి, విటమిన్-డి, డీహెచ్ఏ, రెండూ కలిపి, ఉత్తుత్తి మాత్ర ఇలా ఏడాది పాటు ఇచ్చారు. డీహెచ్ఏ మోతాదు రోజుకు 722 మిల్లీగ్రాములు. ఏడాది తర్వాత డీహెచ్ఏ గుంపులో చిరాకు స్కోరు సగటున 5 పాయింట్లు తగ్గింది, విటమిన్-డి గుంపులో 4 తగ్గింది, ఉత్తుత్తి మాత్ర గుంపులో తగ్గకపోగా కాస్త పెరిగింది. ఇది కొట్టిపారేయదగిన ఫలితం కాదు. అయితే చివరిదాకా మిగిలింది 73 మందే, అంటే ఒక్కో గుంపులో ఇరవై మంది లోపు లేదా కాస్త పైన. పైగా రెండూ కలిపి ఇచ్చిన గుంపులో ఇంకా ఎక్కువ లాభం కనిపించాలి, అలా స్పష్టంగా కనిపించలేదు. ఒంటరిగా పనిచేసేవి కలిస్తే ఎందుకు పనిచేయవు? మరో పెద్ద పరీక్ష జరిగితేనే జవాబు దొరుకుతుంది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కథ వేరు, అందులో తర్కం కూడా బలంగా ఉంది. డీహెచ్ఏ గర్భంలో చివరి మూడు నెలల్లోనే ఎక్కువగా చేరుతుంది కాబట్టి, 29 వారాలకో అంతకుముందో పుట్టిన బిడ్డకు ఆ వాటా అందలేదు. అమెరికాలోని ఒహాయోలో ఇలా పుట్టి, ఆటిజం తరహా లక్షణాలు చూపిస్తున్న 31 మంది పసివాళ్లకు మూడు నెలల పాటు ఒమేగా-3, 6, 9 కలిసిన నూనె గానీ ఉత్తుత్తి నూనె గానీ ఇచ్చారు. తల్లిదండ్రులు నింపిన ప్రశ్నావళిలో లక్షణాలు కొంత తగ్గాయి, సైగలు పెరిగాయి. ఆశ పుట్టించే ఫలితమే. కానీ 2018లో నెలలు నిండకుండా పుట్టిన 377 మంది పసివాళ్లతో జరిగిన చాలా పెద్ద పరీక్షలో, డీహెచ్ఏతో పాటు అరాకిడోనిక్ ఆమ్లం (ఒక ఒమేగా-6 రకం) ఆరు నెలలు ఇచ్చినా మేధో వికాసంలో లాభం కనిపించలేదు. కొన్ని ఉపగుంపుల్లో భాష వెనకబడే సూచనలు కూడా కనిపించాయి. అది ఆటిజం కోసం చేసిన పరీక్ష కాదు, ఇచ్చిన నూనె కూడా అదే కాదు. అయినా 31 మందిలో కనిపించినదాన్ని పట్టుకుని నిర్ణయం తీసుకోవడానికి ముందు దాన్ని గుర్తుంచుకోవాలి.

చిన్న పరీక్షలో మెరిసినది పెద్ద పరీక్షలో ఎలా కరిగిపోతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2012లో చదువులో వెనకబడ్డ 362 మంది పిల్లలకు, ఒక గుంపుకు రోజుకు 600 మిల్లీగ్రాముల డీహెచ్ఏ ఇచ్చారు. చదవడంలో మొత్తం మీద తేడా రాలేదు కానీ, ఆ వయసు పిల్లలందరిలో అట్టడుగు ఐదో వంతులోకి వచ్చేవాళ్లకు చదవడం మెరుగైంది. ఆ ఫలితం చాలా ప్రచారం పొందింది. అదే బృందం దాన్ని నమ్మి ఊరుకోలేదు, సరిగ్గా అలాంటి పిల్లలనే 376 మందిని తీసుకుని మళ్లీ పరీక్షించింది. 2018లో ఫలితం వచ్చింది: చదువులో గానీ ప్రవర్తనలో గానీ తేడా లేదు. తమ సొంత ఫలితాన్ని తామే కొట్టేసుకున్న ఆ బృందం మీద గౌరవం కలుగుతుంది. ఆటిజంలో ఒమేగా-3 గురించి వచ్చిన మంచి ఫలితాలను కూడా ఇలాంటి కఠినమైన రెండో పరీక్ష తర్వాతే నమ్మాలి.

గర్భిణుల ఆహారం మీద ఒక మాట. అమెరికాలో నర్సుల మీద సాగిన దీర్ఘకాల అధ్యయనంలో, గర్భానికి ముందు, గర్భ సమయంలో ఒమేగా-3 మరీ తక్కువగా తిన్న అట్టడుగు 5 శాతం తల్లుల పిల్లల్లో ఆటిజం 53 శాతం ఎక్కువ కనిపించిందని 2013లో తేలింది. ఒమేగా-6 రకమైన లినోలెయిక్ ఆమ్లం ఎక్కువ తిన్నవాళ్లలో తక్కువ కనిపించింది. ఇది సంబంధాన్ని చూపే అధ్యయనమే, కారణాన్ని నిరూపించేది కాదు. ఇలాంటి అంకెలు చదివి 'నేను సరిగా తినలేదేమో' అని కుమిలిపోయే తల్లులుంటారు. ఆ అపరాధ భావానికి ఈ ఆధారం ఎంతమాత్రం చాలదు.

ఆధారాలు చూసి మార్గదర్శకాలు రాసేవాళ్లు ఏమన్నారు? బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2013 మార్గదర్శకంలో, ఆటిజం ఉన్న పిల్లల నిద్ర సమస్యలకు ఒమేగా-3 వాడొద్దని ప్రత్యేకంగా రాసింది.

ఇంత చెప్పాక కూడా కొందరు తల్లిదండ్రులు ఇచ్చి చూడాలనే అనుకుంటారు, దాన్ని తప్పుపట్టే పని లేదు. మామూలు మోతాదుల్లో ఒమేగా-3 చాలా మంది పిల్లలకు పెద్ద హాని చేయదు. చేప వాసన తేన్పులు, వికారం, విరేచనాలు వస్తాయి. కడుపు ఇబ్బందిని మాటల్లో చెప్పలేని పిల్లవాడు దాన్ని చిరాకుగానే చూపిస్తాడని గుర్తుంచుకోవాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, చేపల ఎలర్జీ ఉన్నా డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. సీసా మీద '1000 మిల్లీగ్రాముల చేప నూనె' అని ఉంటే అంతా ఒమేగా-3 కాదు. మామూలు రకం మాత్రలో ఈపీఏ 180, డీహెచ్ఏ 120, కలిపి 300 మిల్లీగ్రాములే ఉండటం పరిపాటి. బెంట్ బృందం పరీక్షల్లో వాడిన 1.3 గ్రాములకు అలాంటివి నాలుగైదు మాత్రలు కావాలి. చాలా ఇళ్లలో ఇస్తున్న ఒక్క మాత్ర, ఏ పరీక్షలోనూ ఫలితం చూపని మోతాదు. ఆ లెక్కన పెంచాలనుకుని కాడ్ లివర్ ఆయిల్ పోయడం మరో పొరపాటు. అది చేప కాలేయం నుంచి తీసేది, అందులో విటమిన్-ఎ ఎక్కువ, ఎక్కువ మోతాదులో అది కాలేయానికి విషం. నూనె పాతబడి చేదు వాసన వస్తుంటే వాడకూడదు. చేప వద్దనుకునేవాళ్లకు నాచు నుంచి తీసిన డీహెచ్ఏ దొరుకుతుంది, 600 మిల్లీగ్రాముల ఆక్స్‌ఫర్డ్ పరీక్షల్లో వాడింది అదే.

మొదలుపెట్టే ముందు ఒక్క లక్షణాన్ని ఎంచుకుని రాసిపెట్టుకోవాలి. 'బాగుంటాడు' అనేది కొలత కాదు. 'రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నాడు', 'స్కూల్లో ఎంతసేపు కుర్చీలో కూర్చుంటున్నాడు' అనేవి కొలతలు. మాత్ర ఇవ్వకుండానే రెండు మూడు వారాలు లెక్క రాయాలి, తర్వాత మొదలుపెట్టాలి, ఆ మధ్యలో థెరపీ గానీ మందు గానీ స్కూలు గానీ మార్చకూడదు. మాత్ర సంగతి టీచరుకు చెప్పకుండా, ఆమె గమనించింది విడిగా అడిగితే ఇంకా మంచిది. మూడు నెలల తర్వాత రాసిన లెక్కలో తేడా లేకపోతే ఆపేయాలి. ఆపినప్పుడు ఏమవుతుందో కూడా రాయాలి, ఎందుకంటే ఆపాక ఏ మార్పూ లేకపోతే, ముందు కనిపించిన మెరుగుదల దేనిదో ఒక అంచనా వస్తుంది. ఈ ఇంటి లెక్క శాస్త్రీయ పరీక్ష కాదు, అయినా ఏళ్ల తరబడి అనుమానంతో మాత్రలు కొంటూ ఉండటం కంటే మేలు.

ఇక తిండిలో పేచీ మరీ ఎక్కువ ఉన్న పిల్లల సంగతి. నాలుగైదు పదార్థాలకు కుదించుకుపోయిన పిల్లల్లో విటమిన్-సి లోపం వల్ల స్కర్వీ వచ్చి, కాళ్ల నొప్పులతో నడవలేని స్థితికి చేరిన సందర్భాలు వైద్య పత్రికల్లో చాలాసార్లు నమోదయ్యాయి. ఇనుము, విటమిన్-డి తక్కువగా ఉండటం ఇంకా మామూలు. అలాంటి బిడ్డకు ముందు కావలసింది పిల్లల డాక్టరు చేత రక్త పరీక్ష, తిండి నిపుణుల సలహా. రోజువారీ తిండిలో ఏది లేదో తేలాక, అందులో ఒమేగా-3 కూడా ఉంటే అదీ ఇవ్వొచ్చు. అప్పుడు దాన్ని ఇచ్చేది ఆటిజం తగ్గడానికి కాదు, ఏ బిడ్డకైనా కావలసిన పోషకం ఈ బిడ్డకు అందడం లేదు కాబట్టి.